నీరాజన యంత్రం నుదుటి బొట్టు

రెండు గదుల ఇంటికి ఇంద్రభవనమనీ, నాలుగు బల్లల హోటలుకు రాజప్రాసాదమనీ పేరు పెట్టుకునే కాకినాడ పట్టణంలో, బియ్యం డబ్బా కంటే కొంచెం పెద్దదైన ఒక యంత్రానికి 'నీరాజనం' అని నామకరణం చేయడం విశేషమేమీ కాదు. విశేషమల్లా, ఊరి చరిత్రలో మొట్టమొదటిసారిగా వస్తువు ముందు పేరు చిన్నబోయింది.

యంత్రాన్ని నిర్మించిన డాక్టర్ చోడిశెట్టి హైమవతి ఆ పట్టణంలోని ఒక ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న రక్తపరిశోధనశాలకు అధిపతి. అధిపతి అన్న మాటకు తగ్గట్టే ఆమెకొక సామ్రాజ్యం ఉంది: మూడు గదులు, ఒక వరండా, వాన పడితే కారే ఒక మూల. చతురంగ బలాలకు బదులు వాసంశెట్టి వీరభద్రం అనే సీనియర్ టెక్నీషియన్ ఒక్కడే ఉన్నాడు. రథ గజ తురగ పదాతుల పనులన్నీ అతడే చూసుకునేవాడు.

ఆమె శత్రువులు కంటికి కనిపించని జాతి. రక్తం గడ్డకట్టడానికి అవసరమైన ప్లేట్‌లెట్లు మహా సుకుమారమైనవి. ఫ్రిజ్‌లో పెడితే చెడిపోతాయి, కదపకుండా ఉంచితే ముద్దకట్టుకుంటాయి. అందుకని దాతల నుంచి సేకరించిన సంచులను హాయైన గది చల్లదనంలో ఎడతెగకుండా ఉయ్యాల ఊపుతూ కాపాడాలి. దాత ఒంట్లోని వైరస్ ఏదైనా ఆ సంచిలో దాగి ఉంటే, అల్లుడికి వేసిన పట్టెమంచం మీద దొంగ పడుకున్నట్టు, దానికీ అదే రాజభోగం. పరీక్షలు పట్టుకోగలిగిన దొంగలను పట్టుకుంటాయి. పట్టుబడిన సంచిని పారబోస్తారు. హైమవతికి ఆ పారబోయడం నచ్చలేదు. సంచిని ఉంచి దొంగను మాత్రమే చంపాలని ఆమె పట్టు. ఆ పట్టులోనే ఆమె నడివయసంతా గడిచిపోయింది.

నీరాజనంలో సంచిని పళ్లెం మీద పడుకోబెట్టి తలుపు దించితే, పళ్లెం మెల్లగా ఊగుతుంది. ఊదారంగు వెలుగు దాని మీద పడుతుంది. సంచిలో ముందుగా కలిపిన పసుపుపచ్చని మందు ఆ వెలుగు తగలగానే మేల్కొని వైరస్‌ను మట్టుబెడుతుంది. ఎంత వెలుగు పడిందో యంత్రమే కొలుచుకుని, సరిపడా పడ్డాక తనంతట తానే ఆరిపోతుంది. దీపాలు ముసలివై వెలుగు తగ్గితే, ఇంకొంచెంసేపు వెలిగి ఆ లోటు పూడ్చుకొమ్మని కూడా హైమవతి దానికి నేర్పింది. ఈ చివరి తెలివితేటల గురించి ఆమెకు ప్రత్యేకమైన గర్వం. రాబోయే కథలో ఆ గర్వానికి ఒక చిన్న పాత్ర ఉంది.

వెలుగు ఊరికే పనిచేయదు. ప్రతి సంచిలోనూ అయిదో వంతు ప్లేట్‌లెట్లను కూలిగా పుచ్చుకుంటుంది. మిగిలినవి బతికున్నాయో లేదో చూడటానికి యంత్రాలకంటే ముందునుంచీ ఒక పద్ధతి ఉంది. సంచిని కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి మెల్లగా ఊపాలి. బతికున్న ప్లేట్‌లెట్లు పట్టుచీర మడత విప్పినట్టు మెరుస్తూ సుడులు తిరుగుతాయి. చచ్చినవి బియ్యం కడిగిన నీళ్లలా ఊరుకుంటాయి.

మహర్నవమినాడు పరిశోధనశాలలో ఆయుధపూజ జరిగింది. వీరభద్రం ఏటా తూకపు యంత్రానికీ, సూక్ష్మదర్శినికీ, చివరికి గోడగడియారానికీ గంధం పూసి కుంకుమ అద్ది, గుమ్మడికాయ కొట్టి, ఇంటినుంచి తెచ్చిన పులిహోర పంచేవాడు. హైమవతి ఏటా గుమ్మం బయట చేతులు కట్టుకుని నిలబడి ఈ తతంగాన్ని తిలకించి, పులిహోరను మాత్రం శాస్త్రీయ దృక్పథంతో స్వీకరించేది. ఈ ఏడు వీరభద్రం ఆమెను గుమ్మం బయట నిలబడనివ్వలేదు.

"మిగతావాటికి నేను పెట్టేశానండి. దీనికి మాత్రం మేడంగారే పెట్టాలండి. కన్నతల్లి ఎదురుగా ఉండగా పరాయివోళ్లు బొట్టు పెడతారేంటండి?"

"ఇది యంత్రం వీరభద్రంగారూ. దీనికి తల్లీ తండ్రీ ఉండరు."

"మరి మొన్న ఢిల్లీనుంచి పెద్దోళ్లొచ్చినప్పుడు 'నా బిడ్డ' అన్నారు కదండి? నేను పక్కనే ఉన్నానండి."

హైమవతి గుమ్మం దాటి లోపలికి వచ్చింది. యంత్రం తలుపు పైకెత్తితే దాని లోపలి ముఖం మనిషి ఎదుట నుదురులా నిలుస్తుంది. ఆ నుదుటి నడుమ శనగబద్దంత గాజుబిళ్ల ఒకటి, బొట్టు కోసమే పుట్టినట్టు మెరుస్తోంది. ఆమె గంధం దిద్ది, దాని మీద ఉదారంగా కుంకుమ అద్దింది. వీరభద్రం కర్పూరం వెలిగించాడు. నీరాజనానికి నీరాజనం ఇచ్చిన ఆ క్షణంలో, హేతువాది అయిన డాక్టర్ చోడిశెట్టి హైమవతి కళ్లు చెమ్మగిల్లాయి. కర్పూరపు పొగవల్ల అని ఆమె వివరణ.

*

వరండా దాటితే ఆసుపత్రి. మేడమీది స్త్రీల వార్డులో, కిటికీ పక్క మంచం మీద కుసుమ ఉంది. బీఈడీ చదువుతున్న పిల్ల. ఆమె ఎముకల్లోని మజ్జ ఒకనాడు, కారణం చెప్పకుండా, రక్తకణాలను తయారుచేయడం మానేసింది. మజ్జను మళ్లీ పనిలో పెట్టే మందు మొదలైంది గాని, ఆ మందు ఒంటికి పట్టడానికి వారాలు పడుతుంది. అంతదాకా ఇతరుల ప్లేట్‌లెట్లతో ఆమెను నిలబెట్టాలి. నిలబెట్టారు కూడా. అయితే ఎక్కించగా ఎక్కించగా ఆమె ఒళ్లు పరాయి ప్లేట్‌లెట్లను గుర్తుపట్టడం నేర్చుకుంది. పొద్దున ఎక్కించినవాటిని సాయంత్రానికల్లా చంపేస్తోంది. చిగుళ్లు నెత్తురు కారుతున్నాయి. చేతుల మీద ఎర్రచుక్కలు లేచాయి. రేపో మాపో మెదడులో ఒక రక్తనాళం చిట్లితే, ఇక ఏ వైద్యుడూ చేయగలిగింది లేదు.

ఆమె తల్లి మంగతాయారు మంచం పక్కన ముక్కాలిపీట వదిలేది కాదు. మంగతాయారు తమ్ముడు తాతారావు రోజూ మధ్యాహ్నం ఒక డబ్బా పట్టుకుని వచ్చేవాడు. భానుగుడి సెంటర్లో అతడిది కాజాల కొట్టు. గొట్టం కాజా అంటే కుసుమకు ప్రాణం. కాని పెళుసైన ఆ పైపొర చిగుళ్లను కోస్తుందని వైద్యులు దాన్ని నిషేధించారు. అయినా అతడు తెచ్చేవాడు. కుసుమ వాసన చూసేది, వార్డు తినేది.

"అదిగో వచ్చాడు మహానుభావుడు," అంది మంగతాయారు ఆ రోజు. "పిల్లకి రక్తం ఇవ్వరా అంటే సూదంటే భయమంటాడు. కాగే మూకుడు పక్కనే రోజంతా నిలబడతావు, సూదికి భయమేంట్రా నీకు?"

"మూకుడు దూరంగా ఉంటదక్కా. సూది లోపలికెల్లిపోద్ది."

"మావయ్యని తిట్టకే అమ్మా," అంది కుసుమ పెదవి కదిపీ కదపనట్టు. "మావయ్య రక్తంలో అంతా పాకమే ఉంటుంది. నాకెక్కిస్తే చీమలు పడతాయి."

అప్పుడే హైమవతి వార్డులోకి వచ్చింది. కుటుంబమంతటికీ బుగ్గల లోపల దూదిపుల్ల తిప్పి తీసిన నమూనాల ఫలితం ఆమె దగ్గర ఉంది. కుసుమ ఒళ్లు పరాయివని అనుకోని ప్లేట్‌లెట్లు ఎవరివో ఆ పరీక్ష చెబుతుంది. ఆ ఇంట్లో తరతరాలుగా మేనరికాలు. మంగతాయారు మేనబావను చేసుకుంది, ఆమె తల్లీ అంతే. ఏ మేనరికాలనైతే వైద్యశాస్త్రం నోరు నొప్పిపుట్టేలా తిడుతూ వచ్చిందో, అవే మేనమామ కణాల మీదా మేనకోడలి కణాల మీదా ఒకే ముద్ర వేసి ఉంచాయి. శాస్త్రం తలవంచుకుని ఆ సంగతిని అచ్చువేసి ఇచ్చింది.

"సరిపోయింది తాతారావుగారివి మాత్రమే," అంది హైమవతి.

మంగతాయారు తమ్ముడి కాళ్ల మీద పడబోయినంత పని చేసింది. తాతారావు డబ్బాను మంచం మీద పెట్టి బయటికి నడిచాడు.

హైమవతి అతణ్ని మెట్ల దగ్గర పట్టుకుంది.

"నా రక్తం పనికిరాదండి," అన్నాడు అతడు గోడవైపు చూస్తూ. "కొట్టు పెట్టిన ఏడాదండి. రక్తదానం క్యాంపు పెడితే సరదాగా ఇచ్చానండి. వారం తిరక్కుండా పిలిపించి, తలుపేసి చెప్పారండి. లివర్లో బీ రకం వైరస్ ఉందంట. జబ్బేం లేదు, మాత్రలేసుకో, రక్తం మాత్రం జన్మలో ఎవరికీ ఇవ్వకు అన్నారండి. తిండివల్ల అంటదని ఆ డాక్టరుగారు పదిసార్లు చెప్పారండి. నాకు చెప్పారు సరే. నా కొట్టుకొచ్చేవోళ్లకి ఎవరు చెప్తారండి?"

"ఇంట్లో తెలుసా?"

"మా ఆవిడకి తెలుసండి, టీకా కూడా ఏయించానండి. అక్కకి తెలీదండి. అక్కకి తెలిస్తే ఊరికి తెలిసినట్టేనండి. పిరికోడు అనిపించుకుంటే కొట్టు నడుస్తదండి. రోగిష్టోడంటే నడవదండి."

హైమవతి మెట్టు మీద కూర్చుంది. ఆమె లాంటివారు ఆసుపత్రి మెట్ల మీద కూర్చోవడం అరుదైన దృశ్యం. తాతారావు కంగారుపడి తానూ ఒక మెట్టు కింద కూర్చున్నాడు.

"తాతారావుగారూ, వైరస్ అంటే ఏమిటో తెలుసా? ఒక జాతకచక్రం. అంతే. చుట్టూ ఒక తొడుగు, లోపల తన జాతకం. అది మన కణంలో దూరి, తన జాతకాన్ని మన చేత లక్షసార్లు రాయిస్తుంది. నా మందు నేరుగా ఆ జాతకాన్ని వెతుక్కుంటూ పోయి అంటుకుంటుంది. వెలుగు పడగానే జాతకం కాలిపోతుంది. జాతకం లేని వైరస్ ఒట్టి తొడుగు."

"మరి మన ప్లేట్‌లెట్ల జాతకమో అండి? అదీ కాలిపోదా?"

"అక్కడే ఉంది భగవంతుడి కనికరం. ప్లేట్‌లెట్టుకు జాతకమే లేదు. దాని లోపల కేంద్రకం ఉండదు. పుట్టిన నాలుగు రోజులూ పనిచేసి పోతుంది. పెళ్లీ పిల్లలూ దానికి రాసిపెట్టలేదు. అందుకే నా వెలుగులో అది బతుకుతుంది." భగవంతుడి ప్రస్తావన తన నోట వచ్చినందుకు ఆమె ఒక్క క్షణం ఆగింది. "మీ రక్తాన్ని పారబోయమన్నారే, మీ లాంటివాళ్ల కోసమేనయ్యా నేను ఇన్నేళ్లు ఈ డబ్బాతో కాపురం చేసింది. కాని ఒక షరతు. ఆ పిల్లకూ, తల్లికీ ఈ సంగతి చెప్పాలి. చెప్పకుండా చుక్క కూడా ఎక్కించను."

తాతారావు తన అరచేతులు చూసుకున్నాడు. అవి పిండి కలిపే చేతులు. పట్టణంలో సగం పెళ్లిళ్ల విందుల్లో వాటి పనితనం ఉంది.

"నేనే చెప్తానండి," అన్నాడు.

*

అతడు చెప్పాడు. వార్డులో మిగిలినవారికి వినపడకుండా, మంచం మీదికి వంగి, తల ఎత్తకుండా చెప్పాడు. మంగతాయారు నోరు మొదటిసారిగా మూతపడింది.

"పిరికోడా పిరికోడా అని ఇన్నేళ్లు నిన్ను నలుగుర్లో తిట్టాను కదరా," అంది చివరికి. "ఒక్కసారి నోరెత్తలేకపోయావా?"

"తిట్టుకి వైరస్ లేదక్కా. అది అంటదు."

తల్లి హృదయం వెంటనే తమ్ముణ్ని వదిలి కూతురి వైపు పరుగెత్తింది. "డాక్టరమ్మగారూ, నిజం చెప్పండి. మీ కడుపున పుట్టిన పిల్లకైతే ఇది ఎక్కిస్తారా?"

"నాకు పిల్లల్లేరు మంగతాయారుగారూ. అందుకని నాకే ఎక్కించుకున్నాను. మనుషుల మీద ప్రయోగాలను చూసే నైతిక సంఘంవారు అనుమతి ఇచ్చాకే. ఇదే వైరస్ ఉన్న సంచి, ఇదే యంత్రంలో శుభ్రం చేసింది. ఏడాది దాటింది. ఎన్ని పరీక్షలు చేసినా నా ఒంట్లో దాని జాడ లేదు. ఆ రోజు సూది గుచ్చింది మా వీరభద్రంగారు. గుచ్చుతూ భయంతో కళ్లు మూసుకున్నారు. నాకు ప్రాణభయం కలిగింది ఆ ఒక్క క్షణమే."

కుసుమ నవ్వబోయి, చిగుళ్లు గుర్తొచ్చి ఆగింది. "అంటే రోగుల్లో నేనే మొదటిదాన్నా? పేపర్లో నా పేరు పడుద్దా?"

"పేరు పడదు. 'ఒక యువతి' అని పడుతుంది."

"ఒక అందమైన యువతి అని రాయించండి. అలాగైతే సంతకం పెడతాను." పెట్టాక మేనమామ వైపు తిరిగింది. "మావయ్యా, సూదికి భయపడకు. నేను చెయ్యి పట్టుకుంటాలే."

*

మర్నాడు ఉదయం తాతారావు చేతినుంచి తీసిన రక్తం, ప్లేట్‌లెట్లను వేరుచేసే మరో యంత్రంలో తిరిగి, ప్లేట్‌లెట్లను మాత్రం వదిలి, మళ్లీ అతడి ఒంట్లోకే చేరింది. తేనెరంగు ప్లేట్‌లెట్లు రెండు సంచులకు వచ్చాయి. మేనకోడలు మేడమీదినుంచి దిగి వచ్చి చెయ్యి పట్టుకునే స్థితిలో లేదు. ఆమెకు ముక్కునుంచి నెత్తురు మొదలైంది. అతడి చెయ్యి అక్క పట్టుకుంది, అతడు అడగకుండానే.

పూజ తర్వాత ఇదే తొలిసారిగా, మొదటి సంచిని వీరభద్రం నీరాజనంలో పడుకోబెట్టి తలుపు దించాడు. ఊదారంగు వెలుగు తలుపు అంచుల వెంట గీతలా మెరిసింది. మామూలుగా ఒక టీ తాగి గ్లాసు కడిగేలోగా ఆరిపోవలసిన వెలుగు, ఆరలేదు. వీరభద్రం టీ తాగాడు, గ్లాసు కడిగాడు, పేపరు చదివాడు. హైమవతి ఫోనులో వార్డు వైద్యుడితో మాట్లాడుతోంది; దూది మార్చినా నెత్తురు ఆగడం లేదని అతడు చెబుతున్నాడు.

"చూశారాండీ మేడంగారూ," అన్నాడు వీరభద్రం పారవశ్యంతో. "పూజ చేసిన తర్వాత దీనికి నిష్ఠ పెరిగిపోయిందండి. ఒక పట్టాన వదలట్లేదండి వైరస్‌ని."

చాలాసేపటికి నిష్ఠ ముగిసింది. హైమవతి సంచిని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకు ఎత్తి, మెల్లగా ఊపింది. మళ్లీ ఊపింది. పట్టుచీర మడత విప్పుకోలేదు. మెరుపు లేదు, సుడి లేదు. సంచి నిండా బియ్యం కడిగిన నీళ్లు.

ఆమె దాన్ని దించి బల్లమీద పెట్టింది. ఎందుకిలా జరిగింది? మందు ఎక్కువైందా? కాలేదు. తాతారావు ఏళ్లుగా వాడుతున్న మాత్రలు ప్లేట్‌లెట్లను బలహీనపరిచాయా? అదే నిజమైతే రెండో సంచి గతీ ఇంతే. అది కూడా పోతే, ఆయన ఒళ్లు కోలుకుని మళ్లీ ఇవ్వడానికి రోజులు పడుతుంది. మేడమీద అమ్మాయి దగ్గర అన్ని రోజులు లేవు.

వరండాలో తాతారావు మోచేతికి ప్లాస్టరుతో, చేతిలో బిస్కెట్టుతో కూర్చుని ఉన్నాడు. హైమవతి ముఖం చూడగానే బిస్కెట్టు పక్కన పెట్టేశాడు.

"నా రక్తమే బాలేదాండి?"

ఆమె 'కాదు' అనలేకపోయింది. కాదని ఆమెకు తెలియదు. ఏళ్లుగా ఒక మనిషి తన గురించి తాను నమ్ముతూ వచ్చిన మాటను ఆమె మెట్ల మీద కూర్చుని ఒక్క పూటలో కొట్టేసింది. ఇప్పుడు తన మౌనంతో దాన్ని మళ్లీ అతడి చేతిలో పెట్టింది. ఏ శాస్త్రవేత్తకైనా ప్రయోగం చెడటం కొత్త కాదు. ప్రయోగం ఎదురుగా కూర్చుని 'నాదేనా తప్పు' అని అడగటం మాత్రం ఆమెకు కొత్త.

ఆమె వాష్‌బేసిన్ దగ్గరికి వెళ్లింది. ముఖం కడుక్కునే ముందు, ప్రతి తెలుగింటి ఆడదానిలాగే, నుదుటి మీది స్టిక్కరు బొట్టు తీసి ఎదురుగా ఉన్న అద్దానికి అతికించింది. ఆ అద్దం పరిశోధనశాలకు వచ్చిపోయే స్త్రీలందరి మరపుకూ సాక్షి. మెరూన్, నలుపు, రాళ్లు పొదిగినవి, ఎవరెవరో మరిచిపోయిన బొట్లు నక్షత్రమండలంలా దానిమీద పరచుకుని ఉన్నాయి. నీళ్లు చల్లుకుని తల ఎత్తేసరికి, ఆమె అతికించిన బొట్టు సరిగ్గా ప్రతిబింబంలోని ఆమె కుడికన్ను మీద పడింది. కన్ను కనిపించలేదు. ఆమె చిరాకుగా తల పక్కకు జరిపింది. కన్ను కనిపించింది.

డాక్టర్ చోడిశెట్టి హైమవతి కొళాయి కట్టేయడం మరిచిపోయింది.

తడిముఖంతో, బోసినుదుటితో ఆమె పరుగెత్తుకుని వచ్చి యంత్రం తలుపు పైకెత్తింది. నుదుటి నడుమ గంధం, గంధం మీద కుంకుమ, కుంకుమ వెనుక శనగబద్దంత గాజుబిళ్ల. పడిన వెలుగును కొలిచే కన్ను అదే. ఆ కన్ను ముప్పాతిక మూసుకుపోయింది. లోపల పట్టపగలు మండుతుంటే, యంత్రం సంధ్యాకాలమనుకుంది. దీపాలు ముసలివైపోయాయని భ్రమపడి, లోటు పూడ్చుకొమ్మని తల్లి నేర్పిన బుద్ధిని తు.చ. తప్పకుండా పాటించి, సంచిని నిలువునా మాడ్చింది. బొట్టు పెట్టిందీ తల్లే. ఆ బుద్ధి నేర్పిందీ తల్లే. ఇంతటి ఆజ్ఞాపాలన చేసిన బిడ్డ పురాణాల్లో కూడా అరుదు.

ఆమె దూది మీద స్పిరిట్ పోసుకుంది. వీరభద్రం అడ్డం వచ్చాడు.

"అయ్యయ్యో మేడంగారండీ, మహర్నవమినాటి బొట్టండి! అందుకే కదండీ అన్నీ తుడిచినా దాన్ని మాత్రం ముట్టుకోలేదు నేను. దానంతట అది రాలాలి గాని చేత్తో చెరిపేస్తారాండి?"

"పెట్టింది నేను. తుడిచేదీ నేనే. పక్కకు తప్పుకోండి."

"తప్పుకుంటానండి. ఒక్క మాట వినండి. నుదురు బోసిగా వదలకండి. ముందు ఇంకోచోట పెట్టేసి, అప్పుడు తుడవండి. మీ సైన్సుకేం నష్టమండి?"

హైమవతి ఆలోచించింది. సైన్సుకు నిజంగానే నష్టం లేదు. ఆమె కుంకుమభరిణె అందుకుని, యంత్రం వెనుకభాగాన, ఏ కన్నూ ఏ దీపమూ లేని ఇనుపరేకు మీద పెద్ద బొట్టు ఒకటి పెట్టింది. తర్వాత ముందుకు వచ్చి గాజుబిళ్లను తళతళలాడేలా తుడిచింది. ఒట్టి నీళ్ల సంచి పెట్టి చూశారు. వీరభద్రం టీ గ్లాసు కడిగేలోగా వెలుగు ఆరిపోయింది. నాటినుంచి ఆ యంత్రం వెనుక ఎర్రరంగుతో గీసిన ఒక వలయం ఉంది. ప్రపంచంలో పూజాస్థానం నిర్దేశించబడిన వైద్యపరికరం బహుశా అదొక్కటే.

రెండో సంచి లోపలికి వెళ్లింది. ఇద్దరూ నిలబడే ఉన్నారు. వెలుగు ఆరింది. ఈసారి హైమవతి సంచిని తీసి, తాను ఎత్తకుండా వరండాలోకి నడిచి, తాతారావు ముందు ఆగింది.

"లేవండి. ఇలా ఎండ దగ్గరికి రండి. చూడండి, ఏం కనపడుతోంది?"

ఆమె సంచిని ఎత్తి మెల్లగా ఊపింది. తేనెరంగు లోపల వెండిజరీ ఒకటి కదిలింది. సుడి తిరిగింది, విప్పుకుంది, మళ్లీ సుడి తిరిగింది. తాతారావు నోరు తెరుచుకుని చూశాడు.

"తీగపాకంలా మెరుస్తుందేంటండి!"

"అవి మీ ప్లేట్‌లెట్లు. మీ రక్తంలో తప్పు లేదు. తప్పు నా బొట్టులో ఉంది."

ఇందులో బొట్టు ప్రసక్తి ఏమిటో అతడికి అర్థం కాలేదు. కాని మొదటి మాట మాత్రం అర్థమైంది. అతడు తువ్వాలుతో ముఖం తుడుచుకుని, చాలాసేపు తుడుచుకుంటూనే ఉన్నాడు. వైరస్ పరీక్ష ఫలితం వచ్చేసరికి కూడా తువ్వాలు ముఖం మీదే ఉంది. సంచిలో వైరస్ జాడ లేదు.

*

తేనెరంగు చుక్కచుక్కగా కుసుమ చేతిలోకి దిగింది. ఆ సాయంత్రానికి ముక్కులోని దూది తెల్లగా నిలిచింది. మరుసటి ఉదయం రక్తపరీక్ష చేసిన వార్డు వైద్యుడు నమ్మలేక మళ్లీ చేయించాడు. రెండోసారి కూడా అంకె పైనే ఉంది. మేనమామ ప్లేట్‌లెట్లను మేనకోడలి ఒళ్లు పరాయివని అనుకోలేదు.

మంగతాయారు ఈ వార్తను ఎలా స్వీకరించిందో చెప్పడానికి పదాలు చాలవు. ఆమెకు మాత్రం చాలాయి. వార్డు నడుమ నిలబడి, ఈ చివరి మంచం నుంచి ఆ చివరి మంచం దాకా వినిపించేలా ప్రకటించింది: "మా తమ్ముడి రక్తమండీ! లివర్లో బీ వైరస్ ఉందని ఇన్నేళ్లు ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోయాడండి నా తమ్ముడు! డాక్టరమ్మగారు దీపం పట్టి వైరస్‌ని కాల్చి పారేశారండి! నా పిల్ల బతికిందండీ!"

సరిగ్గా అప్పుడే తాతారావు డబ్బాతో గుమ్మంలో అడుగుపెట్టాడు.

ఏళ్లుగా మాత్రల సీసాలాగా దాచుకున్న రహస్యం వార్డులో గాలిలో తేలుతోంది. రోజూ అతడు రాగానే ముందుగా చెయ్యి చాపే ఆయా చెయ్యి ఇవాళ పైటకొంగులో ఉండిపోయింది. పక్క మంచం రోగి భర్త నిన్న మొన్నటిదాకా రెండేసి తీసుకునేవాడు. ఇవాళ అతడికి కిటికీలోంచి ఏదో ముఖ్యమైన దృశ్యం కనపడింది. మంగతాయారు తన నోటివైపు తానే చూసుకోగలిగితే చూసుకునేది.

"తమ్ముడూ, నేను..." అంది.

"పర్లేదక్కా," అన్నాడు అతడు. డబ్బాను వెనక్కి తీసుకోబోయాడు.

"మావయ్యా!" కుసుమ మంచం మీద లేచి కూర్చుంది. "ఆ డబ్బా ఎక్కడికి తీసుకెళ్తున్నావు? ఇలా తే."

"వద్దే, పెళుసుగా ఉంటది, చిగుళ్లు..."

కుసుమ గుమ్మం దగ్గరికి వచ్చిన హైమవతి వైపు చూసింది. "డాక్టర్ గారూ, తినొచ్చా?"

హైమవతి పరీక్ష అంకెను మనసులో ఒకసారి తిప్పుకుంది. "ఒకటి," అంది.

కుసుమ గొట్టం కాజాను రెండు చేతులతో పట్టుకుని కొరికింది. పైపొర విరిగిన చప్పుడు వార్డంతా వినిపించింది. పాకం గడ్డం మీదికి కారింది. ఆమె నమిలి, కళ్లు మూసుకుని, మింగి, మిగిలిన సగాన్ని హైమవతి ముందుకు చాపింది. హైమవతి దాన్ని అందుకుని, అలవాటు చొప్పున కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టింది. పళ్లు పడిన అంచు వెంట ఎండ నడిచింది. పాకం మెరిసింది. ఎక్కడా ఎరుపు లేదు.

"పాసైందాండి?" అన్నాడు తాతారావు.

"ఫస్టు క్లాసులో."

సగం కాజాను పిల్లకు తిరిగి ఇచ్చేసి, హైమవతి డబ్బాలోకి చెయ్యి పెట్టింది.

"మేడంగారూ, తవరికి షుగరు కదండి?" అన్నాడు ఆమె వెనకే వచ్చిన వీరభద్రం.

"ఉంది. ఇది తిండి కాదు. నా యంత్రానికి దక్షిణ." ఆమె వార్డు మొత్తానికి కనపడేలా నిలబడి, పరిశోధనాపత్రం చదివేటంత గంభీరంగా కాజా తింది. పాకం మోచేతి దాకా కారింది, ఆమె తుడుచుకోలేదు. ఆయా చెయ్యి కొంగులోంచి బయటికి వచ్చింది, కొంచెం ఆలస్యంగా. కిటికీలోంచి చూస్తున్న పెద్దమనిషి మాత్రం చూస్తూనే ఉన్నాడు. అతడి భార్య మంచం మీదనుంచే చెయ్యి చాపింది.

తాతారావు డబ్బా పట్టుకుని మంచం మంచానికీ తిరగసాగాడు. ఇన్నేళ్లలో ఎన్నడూ లేనంత నిటారుగా నడుస్తున్నాడు. అతడి వెనకనుంచి మంగతాయారు గొంతు, ఈసారి ఇంకో రెండు మెట్లు పైన, మెట్లు దిగి వీధి దాకా వినిపించింది:

"భానుగుడి సెంటర్లోనేనండీ మా తమ్ముడి కొట్టు! ఎవర్నడిగినా చెప్తారు!"